టీమ్ గిట్ సెట్టింగులు ఎక్కడ రాసిపెట్టాలి? రీడ్‌మీ, కాన్ఫిగ్ ఫైలు, స్క్రిప్టు, వికీ: ఏది ఎవరికి

గిట్ రెపోని (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే భండారాన్ని) మన మెషీన్‌లోకి క్లోన్ చేస్తే కోడ్ వస్తుంది, కమిట్ల చరిత్ర వస్తుంది, బ్రాంచ్‌లూ ట్యాగ్‌లూ వస్తాయి. సెట్టింగులు మాత్రం రావు. ‘.గిట్’ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలు ఎవరి మెషీన్‌లో వాళ్లదే. అందుకే ఒకే రెపో మీద పనిచేస్తున్న ఇద్దరిలో ఒకరు పుల్ కొడితే మెర్జ్ కమిట్ (రెండు చరిత్రలను కలిపే అదనపు కమిట్) పుడుతుంది, రెండోవారు కొడితే రీబేస్ అవుతుంది (వాళ్ల కమిట్లు తాజా చరిత్ర పైకి చేరతాయి). ఒకరి కమిట్‌లో రెండు లైన్లే మారతాయి. ఇంకొకరి కమిట్‌లో అదే పనికి ఫైలు మొత్తం మారినట్టు కనిపిస్తుంది, తీరా చూస్తే లైను చివరలు తప్ప వేరే తేడా ఉండదు.

గిట్ దీన్ని కావాలనే ఇలా ఉంచింది. సెట్టింగుల్లో చాలావాటికి ప్రోగ్రాములు నడిపే శక్తి ఉంది. కోర్.ఎడిటర్, కోర్.పేజర్, కోర్.ఎస్‌ఎస్‌హెచ్‌కమాండ్, ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే ఎలియాస్‌లు (సొంతంగా పెట్టుకునే పొట్టి కమాండ్లు), అన్నీ ఆ కోవలోవే. క్లోన్‌తో పాటు ఇవీ వచ్చి వాటంతటవే పనిచేస్తే, ముక్కూమొహం తెలియనివాళ్ల రెపోని తెచ్చుకోవడమంటే వాళ్ల ప్రోగ్రాముని మన మెషీన్‌లో నడపడమే అవుతుంది. కాబట్టి టీమ్‌కి ఉమ్మడిగా కావాల్సిన సెట్టింగుల్ని మనమే ఎక్కడో ఒకచోట రాసి, అందరిచేతా పెట్టించాలి.

ఎక్కడ అన్న దగ్గరే చర్చ మొదలవుతుంది. రీడ్‌మీలో రాస్తే చాలంటారు కొందరు. సెటప్ స్క్రిప్టు ఉంటే ఎవరూ ఏమీ చదవక్కర్లేదంటారు ఇంకొందరు. అన్నిటికీ ఒకే చోటు వెతకడం దగ్గరే ఈ చర్చ దారి తప్పుతుందని నా అభిప్రాయం. ఒక్కో సెట్టింగు ఎప్పుడు అవసరమవుతుంది, అది లేకపోతే నష్టం ఎవరికి అన్నది చూసి దాని చోటు తేల్చాలి.

ఒక్క మాట: కమాండ్లను, ఫైలు పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

## రాసే ముందు జల్లెడ పట్టండి

చాలా టీమ్‌ల గిట్ సెటప్ పేజీలో సగం లైన్లు అక్కడ ఉండాల్సినవే కావు. కోర్.ఎడిటర్ విమ్ అయినా నానో అయినా టీమ్‌కి ఒరిగేదేమీ లేదు. కలర్.యూఐ, ఎలియాస్‌లు, డిఫ్ టూల్ కూడా అంతే. అవి మనుషుల అలవాట్లు. ఒక సీనియర్ తనకి నచ్చినవన్నీ పేజీలో ఎక్కిస్తే, కొత్తగా చేరినవాళ్లు అన్నీ తప్పనిసరి అనుకుని పెట్టేసుకుంటారు. నిజంగా అవసరమైన రెండు మూడూ ఆ గుంపులో కలిసిపోతాయి.

టీమ్ సెట్టింగు అనదగినది ఏది? అది లేకపోతే నష్టం వేరేవాళ్లకి జరగాలి. పుల్.రీబేస్ అలాంటిది, ఎందుకంటే ఉమ్మడి చరిత్ర ఆకారం దాని మీద ఆధారపడుతుంది. కోర్.హుక్స్‌పాత్ అలాంటిది, హుక్‌లు (కమిట్ లాంటి పనులప్పుడు వాటంతటవే నడిచే స్క్రిప్టులు) ఎక్కడున్నాయో అది చెబుతుంది. ఏ లైను ఎవరు మార్చారో చూపే బ్లేమ్‌లో ఏ కమిట్లను దాటేయాలో చెప్పే బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్, కమిట్ సందేశానికి నమూనా ఇచ్చే కమిట్.టెంప్లేట్ కూడా. లైను చివరల సంగతి టీమ్‌దే అయినా దాన్ని అసలు సెట్టింగుగా రాయాల్సిన పనే లేదు, కారణం కింద చెబుతాను.

## ఏ కొలతలతో తూచాలి

నేను చూసేవి నాలుగు. మొదటిది, చదవనివాళ్ల సంగతి ఏమిటి? సూచనలు ఎంత బాగా రాసినా చదవనివాళ్లు ఉంటారు. వాళ్ల మెషీన్‌లో కూడా పని జరుగుతుందా లేదా అన్నది పెద్ద తేడా.

రెండోది, ‘ఎందుకు’ అన్నది సెట్టింగు పక్కనే ఉందా? కారణం రాయని సెట్టింగుని రెండేళ్ల తర్వాత ఎవరూ తీసెయ్యలేరు. తీసేస్తే ఏమవుతుందో అన్న భయంతో అలాగే మోస్తూ పోతారు.

మూడోది, రేపు మారిస్తే అది అందరికీ చేరుతుందా, లేక ఈ రోజు చేరినవాళ్లకి ఒకటి, నిరుడు చేరినవాళ్లకి ఒకటి మిగులుతుందా?

నాలుగోది, మనిషి సొంత సెట్టింగుల జోలికి పోతుందా? గిట్ సెట్టింగులకు అంచెలున్నాయి: మెషీన్ మొత్తానికి సిస్టమ్, ఆ యూజర్‌కి గ్లోబల్, ఆ రెపోకి లోకల్, అవసరమైతే ఆ రెపో పని ఫోల్డర్లలో ఒక్కదానికే వర్క్‌ట్రీ, ఆ ఒక్క కమాండుకి ‘-సి’. దగ్గరిది దూరపుదాన్ని దాటేస్తుంది. టీమ్ సూచన ఏ అంచెలో రాస్తుందన్నది చిన్న విషయం కాదు. ఆఫీసు పని కోసం ‘--గ్లోబల్’ కొట్టించామంటే, ఆ మనిషి ఇంట్లో రాసుకునే రెపోల ప్రవర్తన కూడా మార్చేసినట్టే.

## గిట్ తానే చదివే ఫైళ్లు

ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. చాలామంది వదిలేసేది కూడా ఇదే. రెపోలో కమిట్ చేసిన .గిట్‌ఆట్రిబ్యూట్స్, .గిట్‌ఇగ్నోర్, .మెయిల్‌మ్యాప్ ఫైళ్లను గిట్ ఎవరినీ అడక్కుండా చదువుతుంది. క్లోన్ చేసిన మరుక్షణం నుంచే అవి పనిచేస్తాయి.

లైను చివరల గొడవనే తీసుకోండి. విండోస్‌లో లైను చివర సీఆర్, ఎల్‌ఎఫ్ అని రెండు కనబడని గుర్తులు ఉంటాయి, లినక్స్, మ్యాక్‌లలో ఎల్‌ఎఫ్ ఒక్కటే. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లైను చివరల గురించి ఒక ప్రశ్న వస్తుంది. అందులో ముందే టిక్ పెట్టి ఉండే జవాబు కోర్.ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్‌ని ట్రూ చేస్తుంది. లినక్స్‌లో అలాంటిదేమీ లేదు. కాబట్టి చాలా రీడ్‌మీల్లో ‘విండోస్ వాళ్లు ఇది పెట్టండి, మ్యాక్ వాళ్లు అది పెట్టండి’ అని ఒక పేరా కనిపిస్తుంది. ఆ పేరా మొత్తం తీసేసి .గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో ఒక్క లైను రాస్తే సరిపోతుంది:

```
# లైను చివరలు రెపోలో ఎప్పుడూ ఎల్‌ఎఫ్. ఎవరి ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ ఎలా ఉన్నా ఇదే చెల్లుతుంది.
* టెక్స్ట్=ఆటో
```

ఆ తర్వాత ఒక్కసారి ‘గిట్ యాడ్ --రీనార్మలైజ్ .’ కొట్టి కమిట్ చేస్తే పాత ఫైళ్లు కూడా దారికొస్తాయి. ఇక రాయాల్సిన సూచనే లేదు. రాసినదాన్ని ఎవరూ పాటించకపోవడం అన్న సమస్యే పుట్టదు.

దీని హద్దు కూడా తెలుసుకోవాలి. ఫైళ్లకు సంబంధించిన లక్షణాలే ఇందులో పడతాయి. పుల్ ఎలా జరగాలో, హుక్‌లు ఎక్కడున్నాయో ఇక్కడ చెప్పలేం. వర్డ్ ఫైళ్లను డిఫ్‌లో పాఠంగా చూపించే డ్రైవర్ లాంటివి సగం ఇక్కడ, సగం కాన్ఫిగ్‌లో ఉంటాయి: ఏ ఫైళ్లకు ఏ డ్రైవర్ అన్నది ఈ ఫైల్లో, ఆ డ్రైవర్ నడిపే కమాండు కాన్ఫిగ్‌లో. కారణం మొదట చెప్పుకున్నదే, కమాండు నడిపే అధికారం రెపోకి ఇవ్వకూడదు.

## రీడ్‌మీ లేదా కంట్రిబ్యూటింగ్ ఫైలు

అందరికీ తెలిసిన దారి. కోడ్‌తో పాటే ఉంటుంది, మార్పులు రివ్యూకి వస్తాయి, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో చరిత్రలో దొరుకుతుంది. చేరిన రోజు దాదాపు అందరూ తెరుస్తారు. చిక్కల్లా ఆ తర్వాత ఎవరూ తెరవకపోవడమే. ఆరు నెలలకి ఒక కొత్త లైను చేర్చితే పాతవాళ్లకి అది చేరదు.

కానీ రీడ్‌మీ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రాసిన తీరు వల్లనే. తెలుగు ఫైలు పేర్లున్న రెపోని ఉదాహరణగా చూద్దాం. పాఠాలు, అనువాదాలు, డిజిటైజ్ చేసిన పుస్తకాలు పెట్టుకునే రెపోల్లో ‘తెలుగు’ అనే పేరుతో ఒక ఫోల్డర్ ఉందనుకోండి. గిట్ స్టేటస్ కొడితే ఆ పేరు తెలుగులో కనబడదు. ‘\340\260\244\340\261\206’ అంటూ మొదలై అంకెల వరస సాగుతుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ సంకేతానికి యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. ‘తెలుగు’లో గుణింతాల గుర్తులతో కలిపి సంకేతాలు ఆరు, అంటే బైట్లు 18. ఒక్కో బైటుని గిట్ నాలుగు అక్షరాలుగా చూపిస్తుంది కాబట్టి ఆ చిన్న పేరు 72 అక్షరాలు అవుతుంది. దీన్ని ఆపే సెట్టింగు కోర్.కోట్‌పాత్. రీడ్‌మీల్లో సాధారణంగా కనిపించే రాత ఇదీ:

```
గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్
```

అంతే, ఒక్క లైను. ఇది ఎందుకో లేదు. పెట్టకపోతే ఏమవుతుందో లేదు. గ్లోబల్ అనడం వల్ల మిగతా రెపోలన్నిటికీ తగిలింది. అదే విషయం ఇలా రాస్తే ఎంత తేడా ఉంటుందో చూడండి:

> తెలుగు ఫైలు పేర్లు చదవగలిగేలా కనబడాలంటే
>
> రెపో ఫోల్డర్‌లోకి వెళ్లి కొట్టండి: గిట్ కాన్ఫిగ్ --లోకల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్
>
> ఎందుకు: లేకపోతే స్టేటస్, డిఫ్‌లలో తెలుగు పేర్లు అంకెల వరసగా వస్తాయి.
>
> పెట్టకపోతే: ఫైళ్లకు ఏ నష్టమూ లేదు, చదవడం కష్టం, అంతే.
>
> పడిందో లేదో చూడాలంటే: గిట్ కాన్ఫిగ్ --షో-ఆరిజిన్ --గెట్ కోర్.కోట్‌పాత్
>
> తీసెయ్యాలంటే: గిట్ కాన్ఫిగ్ --లోకల్ --అన్‌సెట్ కోర్.కోట్‌పాత్

‘పెట్టకపోతే’ అన్న లైను చాలామంది రాయరు. నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది అదే. చదివేవాళ్లు తొందరలో ఉంటారు. ఏది వదిలేసినా ఫరవాలేదో, ఏది వదిలితే కొంప మునుగుతుందో వాళ్లకి అక్కడే తెలియాలి. (గిట్ ఇచ్చే ఫైలు పేర్లను చదివే స్క్రిప్టులు మీ దగ్గరుంటే ఈ సెట్టింగు మీద ఆధారపడకండి. ‘-జెడ్’ ఆప్షన్ వాడితే పేర్లు ఏ మార్పూ లేకుండా వస్తాయి.)

ఎందుకు సరిచూసుకోమని అంటున్నానంటే, సెట్టింగు పేరు తప్పు రాసినా గిట్ ఏమీ అనదు. పుల్.రీబేస్‌లో ఒక అక్షరం ఎగిరిపోయినా ఆ కొత్త పేరుతో విలువని బుద్ధిగా రాసి పెట్టుకుంటుంది. సూచనలో అచ్చు తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. గిట్‌కి తెలిసిన పేర్ల జాబితా ‘గిట్ హెల్ప్ --కాన్ఫిగ్’ కొడితే వస్తుంది. రీడ్‌మీలో రాసిన ప్రతి పేరునీ ఒకసారి దానితో పోల్చి చూడండి.

వెర్షన్ల సంగతి కూడా ఇక్కడే. 2024లో వచ్చిన గిట్ 2.46 నుంచి ‘గిట్ కాన్ఫిగ్ సెట్’, ‘గిట్ కాన్ఫిగ్ గెట్’ అనే కొత్త రూపాలు ఉన్నాయి. చదవడానికి అవి హాయిగా ఉంటాయి. కానీ ఉబుంటు 22.04తో వచ్చేది గిట్ 2.34.1, ఉబుంటు 24.04తో వచ్చేది 2.43, డెబియన్ 12తో వచ్చేది 2.39. వాటిలో ఈ రూపాలు నడవవు. పాత రూపాలు కొత్త గిట్‌లోనూ నడుస్తున్నాయి కాబట్టి సూచనల్లో ఇంకొంత కాలం పాత రూపమే రాయమంటాను.

## వ్యాఖ్యలతో కూడిన కాన్ఫిగ్ ఫైలు, ఇన్‌క్లూడ్‌తో

సూచనని, సెట్టింగుని ఒకే ఫైల్లో కలిపే దారి ఇది. రెపోలో ‘.గిట్‌కాన్ఫిగ్-టీమ్’ లాంటి పేరుతో ఒక ఫైలు కమిట్ చేస్తారు. ఒక్కొక్కరూ ఒకే ఒక్కసారి ఈ కమాండు కొడతారు:

```
గిట్ కాన్ఫిగ్ --లోకల్ ఇన్‌క్లూడ్.పాత్ ../.గిట్‌కాన్ఫిగ్-టీమ్
```

మొదట్లో ఆ రెండు చుక్కలు ఎందుకంటే, దారిని ఇన్‌క్లూడ్ రాసి ఉన్న ఫైలు నుంచి లెక్కపెడతారు. ఆ ఫైలు .గిట్ ఫోల్డర్‌లో ఉంది కాబట్టి ఒక మెట్టు పైకి రావాలి. ఇది మర్చిపోతే ఎర్రర్ కూడా రాదు. లేని ఫైలుని ఇన్‌క్లూడ్ చేస్తే గిట్ నోరు మెదపకుండా దాటేస్తుంది.

ఫైలు లోపల ఇలా ఉంటుంది:

```
# మెయిన్ బ్రాంచ్ చరిత్రలో అనవసరపు మెర్జ్ కమిట్లు వద్దని టీమ్ నిర్ణయం.
# వద్దనుకునేవాళ్లు తమ .గిట్/కాన్ఫిగ్‌లో ఇన్‌క్లూడ్ లైనుకి కింద ఫాల్స్ రాసుకోవచ్చు.
[పుల్]
    రీబేస్ = ట్రూ

# ఫార్మాట్ మాత్రమే మార్చిన కమిట్లను బ్లేమ్‌లో దాటేయడానికి.
# గిట్ 2.23 లేదా ఆపై వెర్షన్.
[బ్లేమ్]
    ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ = .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్
```

కారణం సెట్టింగు నెత్తి మీదే ఉంది. రేపు ఎవరైనా విలువ మార్చితే అదే కమిట్‌లో వ్యాఖ్య కూడా మార్చాలి, మార్చకపోతే రివ్యూ చేసేవాళ్లకి కనబడుతుంది. పుల్ కొట్టగానే మార్పు అందరికీ చేరుతుంది. ఇక్కడ ఇంకో లాభం ఉంది. బ్లేమ్ సెట్టింగులో చెప్పిన ఫైలు లేకపోతే గిట్ బ్లేమ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ సెట్టింగుని నేరుగా .గిట్/కాన్ఫిగ్‌లో రాసుకున్నవాళ్లు పాత బ్రాంచ్‌కి వెళ్తే ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆ ఫైలు అప్పటికి పుట్టలేదు. రెండు ఫైళ్లనూ ఒకే కమిట్‌లో చేర్చి ఇన్‌క్లూడ్ వాడితే, పాత బ్రాంచ్‌లో రెండూ కలిసే మాయమవుతాయి. బ్లేమ్ మామూలుగా నడుస్తుంది.

వెర్షన్ల తేడా ఇక్కడ గట్టిగా తగులుతుంది. తెలియని పేరుంటే పాత గిట్ పట్టించుకోదు. ఉదాహరణకి పుష్.ఆటోసెటప్‌రిమోట్ 2.37లో వచ్చింది, అంతకు ముందువి దాన్ని దాటేస్తాయి, ఏ హానీ లేదు. కానీ తెలిసిన పేరుకి తెలియని విలువ ఇస్తే ఊరుకోదు. మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్‌కి జెడ్‌డిఫ్3 అన్న విలువ 2.35లో వచ్చింది. 2.34.1 ఉన్న ఉబుంటు 22.04 మెషీన్‌లో ఆ లైను చేరితే మెర్జ్ లాంటి కమాండ్లు ‘ఈ స్టైల్ నాకు తెలియదు’ అని ఆగిపోతాయి. ఉమ్మడి ఫైల్లో కొత్త విలువ చేర్చేముందు టీమ్‌లో అందరికంటే పాత గిట్ ఎవరిదో కనుక్కోండి.

ఇక అసలు ప్రమాదం. ఈ దారిలో మీరు గిట్ మూసి ఉంచిన తలుపుని మీ చేత్తో తీస్తున్నారు. ఆ ఫైల్లో ఎవరైనా కోర్.ఎస్‌ఎస్‌హెచ్‌కమాండ్ రాసి పుష్ చేస్తే అది మీ మెషీన్‌లో నడుస్తుంది. మెయిన్‌లో కలిసేదాకా కూడా ఆగదు. రివ్యూ కోసం వాళ్ల బ్రాంచ్‌ని చెకౌట్ చేసిన క్షణమే ఆ ఫైలు అమల్లోకి వస్తుంది. ఒకరినొకరు ఎరిగిన పదిమంది టీమ్‌లో ఇది భరించదగ్గదే. ఎవరైనా ప్యాచ్ పంపగలిగే బహిరంగ ప్రాజెక్టులో మాత్రం ఈ దారి పట్టకండి.

## సెటప్ స్క్రిప్టు

ఒక్క కమాండుతో అంతా అయిపోతుంది. గిట్ వెర్షన్ చూసి దాన్నిబట్టి నడుచుకోగలదు. విండోస్ గిట్‌తో పాటు గిట్ బాష్ వస్తుంది కాబట్టి షెల్ స్క్రిప్టు అక్కడా నడుస్తుంది. హుక్‌లు పెట్టించాలంటే చాలా టీమ్‌లు దీన్నే వాడతాయి. 2016లో వచ్చిన గిట్ 2.9 నుంచి కోర్.హుక్స్‌పాత్ ఉంది, స్క్రిప్టు దాన్ని రెపోలోని ఫోల్డర్ వైపు తిప్పుతుంది. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో హస్కీ చేసేది కూడా ఇదే.

నాకు దీనిలో నచ్చనిది, స్క్రిప్టు విలువల్ని .గిట్/కాన్ఫిగ్‌లోకి నకలు చేస్తుంది. నిరుడు నడిపినవాళ్ల దగ్గర నిరుటి విలువలే ఉంటాయి. పైగా ఏం మారిందో చాలామందికి తెలియదు. తమ సొంత హుక్‌లు ఉన్నట్టుండి ఎందుకు నడవడం లేదో వెతుక్కుంటూ కూర్చుంటారు. స్క్రిప్టు రాస్తే ప్రతి మార్పునీ తెర మీద చూపించాలి. ముందే వేరే విలువ ఉంటే అడగకుండా మార్చకూడదు.

మంచి పద్ధతి ఏమిటంటే, స్క్రిప్టులో విలువలు పెట్టకండి. పైన చెప్పిన ఇన్‌క్లూడ్ లైను ఒక్కటే చేర్చేలా, వెర్షన్ చూసేలా రాయండి.

## వికీ, ఆఫీసు పేజీ

రెపో బయట ఉండే పేజీలో విలువలు రాస్తే త్వరగా పాతబడతాయి. కోడ్ మార్చినవాళ్లకి ఆ పేజీ గుర్తుకు రాదు, రివ్యూ ఉండదు. స్క్రీన్‌షాట్లుంటే మరీ కష్టం, కాపీ చేసుకోవడానికి కూడా పనికిరావు.

అయినా వికీకి తనదైన చోటు ఒకటుంది. క్లోన్‌కి ముందే కావాల్సినవి రెపోలో రాయలేం కదా! ఆఫీసు నెట్‌వర్క్‌లో హెచ్‌టీటీపీ.ప్రాక్సీ, సొంత సర్టిఫికెట్ కోసం హెచ్‌టీటీపీ.ఎస్‌ఎస్‌ఎల్‌సీఏఇన్ఫో, విండోస్‌లో పొడవాటి దారులున్న రెపోల కోసం కోర్.లాంగ్‌పాత్స్, ఎస్‌ఎస్‌హెచ్ కీ. ఇవి లేకపోతే క్లోనే అవ్వదు, రీడ్‌మీ దాకా చేరేది ఎలా? వికీ పేజీలో ఇవి మాత్రమే ఉంచి, మిగతాదానికి రెపోలోని ఫైలుకి లింకు ఇవ్వండి.

## ఒక్క చూపులో

| దారి | చదవకపోయినా పనిచేస్తుందా | ‘ఎందుకు’ పక్కనే ఉంటుందా | మార్పు అందరికీ చేరుతుందా | సొంత సెట్టింగుల జోలికి పోతుందా |
|---|---|---|---|---|
| .గిట్‌ఆట్రిబ్యూట్స్ వంటివి | అవును | వ్యాఖ్య రాస్తే | పుల్‌తో చేరుతుంది | ఆ రెపో ఫైళ్ల వరకే |
| రీడ్‌మీ | లేదు | రాసినవాళ్ల చేతిలో ఉంది | చేరదు | ‘--గ్లోబల్’ అని రాస్తే పోతుంది |
| కాన్ఫిగ్ ఫైలు + ఇన్‌క్లూడ్ | ఒక్క కమాండు తర్వాత అవును | అవును | పుల్‌తో చేరుతుంది | ఆ రెపోలో మాత్రమే |
| స్క్రిప్టు | నడిపితే చాలు | అరుదుగా | మళ్లీ నడిపితేనే | అడక్కుండా రాస్తే పోతుంది |
| వికీ | లేదు | ఉండొచ్చు | చేరదు | సాధారణంగా గ్లోబల్ అంచెలోనే |

## మీరు ఎవరు అన్నదాన్నిబట్టి

ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న నలుగురికి ఇంత హంగామా అక్కర్లేదు. ఒక .గిట్‌ఆట్రిబ్యూట్స్, మంచి .గిట్‌ఇగ్నోర్, రీడ్‌మీలో పేరు, ఈమెయిల్, పుల్ పద్ధతి. అంతే.

పది పదిహేను మంది ఉన్న కంపెనీ టీమ్‌కి ఇన్‌క్లూడ్ దారే నా సలహా. రీడ్‌మీలో ఒక్క కమాండు, దాని కింద ‘వివరాలు ఫైల్లోనే ఉన్నాయి’ అన్న ఒక్క లైను. ఆ ఫైలు మీద మార్పులకి కనీసం ఇద్దరి రివ్యూ పెట్టండి.

బహిరంగ ప్రాజెక్టు నడిపేవాళ్లు గిట్ తానే చదివే ఫైళ్లతో ఎంత దూరం పోగలరో అంత దూరం పోవాలి. మిగిలింది కంట్రిబ్యూటింగ్ ఫైల్లో, లోకల్ అంచెలో, తీసెయ్యడం ఎలాగో చెబుతూ రాయాలి. ఒక్కసారి వచ్చి ఒక్క అచ్చు తప్పు దిద్ది పోయేవాళ్లు ఏ సెట్టింగూ పెట్టకుండానే ప్యాచ్ పంపగలగాలి. పెట్టకపోతే పని జరగదన్న సెట్టింగు ఏదైనా ఉంటే, దాన్ని ఎలా రాయాలా అని కాకుండా ఎలా లేకుండా చేయాలా అని ఆలోచించండి. ఫార్మాట్ తనిఖీ హుక్‌లో ఉంటే దాన్నే సర్వర్ వైపు కూడా పెట్టొచ్చు. బ్లేమ్ సంగతి అయితే, .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అన్న పేరుతో ఫైలుంటే గిట్‌హబ్ తన బ్లేమ్ పేజీలో దాన్ని తానే చదువుకుంటుంది.

చాలా రెపోలున్న సంస్థకి ఒక్కో రెపోలో ఒక్కో ఫైలు అంటే మోయలేని బరువు. అక్కడ 2017 నాటి గిట్ 2.13లో వచ్చిన ఇన్‌క్లూడ్‌ఇఫ్ పనికొస్తుంది. ఆఫీసు రెపోలన్నీ ఒక ఫోల్డర్ కింద పెట్టుకోమని చెప్పి, ఆ ఫోల్డర్‌లో ఉన్నప్పుడే ఆఫీసు ఈమెయిల్, ఆఫీసు నియమాలు వర్తించేలా గ్లోబల్ ఫైల్లో ఒక షరతు రాయిస్తారు. ఫోల్డర్ పేరు చివర ఏటవాలు గీత (/) పెట్టడం మర్చిపోవద్దని సూచనలో తప్పక రాయండి. ఆ గీత ఉంటేనే లోపలి ఫోల్డర్లన్నిటికీ షరతు వర్తిస్తుంది. డెవ్ కంటెయినర్లు (ముందే తయారుచేసిన ఇమేజ్ నుంచి నడిచే పని వాతావరణాలు) వాడే చోట ఇదీ అక్కర్లేదు, ఇమేజ్ తయారు చేసేటప్పుడే సిస్టమ్ అంచెలో రాసెయ్యొచ్చు.

## సబ్‌వర్షన్, మెర్క్యూరియల్ వాడేవాళ్లకి

ఈ తలనొప్పి గిట్‌ది మాత్రమే కాదు, అదే పని చేసే ఈ రెండిటిదీ. సబ్‌వర్షన్‌ని మొదటిసారి నడిపినప్పుడు అది హోమ్ ఫోల్డర్‌లో ఒక కాన్ఫిగ్ ఫైలు పెడుతుంది. ఆప్షన్లన్నీ వ్యాఖ్యలుగా, ఒక్కోదానికి వివరణతో అందులోనే ఉంటాయి. కావాల్సినదాని ముందున్న గుర్తు తీసేస్తే అమల్లోకి వస్తుంది. డాక్యుమెంటేషన్ అంటే ఇలా ఉండాలనిపించే ఫైలు అది. కానీ అదీ ఎవరి మెషీన్‌లో వాళ్లదే. ఆటో-ప్రాప్స్‌ని (కొత్త ఫైళ్లకు లక్షణాలను వాటంతటవే తగిలించే నియమాల్ని) టీమ్ అంతా ఒకేలా పెట్టుకోలేక ఏళ్ల తరబడి అవస్థపడ్డాక, 2013లో వచ్చిన 1.8 వెర్షన్‌లో వాటిని రిపాజిటరీలోనే ప్రాపర్టీగా పెట్టే వీలొచ్చింది. పైన .గిట్‌ఆట్రిబ్యూట్స్ గురించి చెప్పిందే అక్కడా వర్తిస్తుంది: రిపాజిటరీ మోయగలిగినదాన్ని మనుషుల చేత మోయించకండి.

మెర్క్యూరియల్‌లో కూడా రెపోలోని హెచ్‌జీఆర్‌సీ (దాని సెట్టింగుల ఫైలు) క్లోన్‌తో రాదు. ఇన్‌క్లూడ్ సౌకర్యం ఉంది కాబట్టి మూడో దారి అక్కడా నడుస్తుంది. వేరే యూజర్ పేరు మీద ఉన్న హెచ్‌జీఆర్‌సీ ఫైలుని మెర్క్యూరియల్ నమ్మదు. షేర్డ్ డ్రైవ్‌లో ఉమ్మడి ఫైలు పెట్టే ఆలోచన ఉంటే ఈ విషయం ముందే చూసుకోండి.

## ఇప్పటికే చిందరవందరగా ఉంటే

పాత వికీ పేజీని కూర్చుని సవరించడం కంటే మెషీన్ల నుంచి మొదలుపెట్టడం మేలు. టీమ్‌లో ఇద్దరు ముగ్గురు రెపో ఫోల్డర్‌లో ‘గిట్ కాన్ఫిగ్ --లిస్ట్ --షో-ఆరిజిన్’ కొట్టి, వచ్చినదాన్ని ఫైళ్లలో వేసుకుని పక్కపక్కన పోల్చండి. ఏ విలువ ఏ ఫైలు నుంచి వచ్చిందో దానిలో కనిపిస్తుంది. గిట్ 2.26 లేదా ఆపైది అయితే ‘--షో-స్కోప్’ కూడా చేర్చండి, అంచె పేరు కూడా వస్తుంది. తేడా ఉన్న లైన్లను ఒక్కొక్కటిగా తీసుకుని అది అలవాటా, టీమ్ అవసరమా అని అడగండి. అలవాటైతే వదిలెయ్యండి. అవసరమైతే ముందు .గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో పడుతుందేమో చూసి, పడకపోతేనే మిగతా దారుల్లో వెతకండి.

ఆ జాబితాలను ఒకరికొకరు పంపుకునే ముందు ఒకసారి పైనుంచి కింది దాకా చదవండి. రిమోట్ యూఆర్‌ఎల్‌లో, హెచ్‌టీటీపీ.ఎక్స్‌ట్రాహెడర్‌లో టోకెన్లు ఉండే అవకాశం ఉంది. అలాంటి లైన్లు చెరిపేశాకే గ్రూపులో పెట్టండి.